తాతయ్య రివాల్వర్‌ను బాగుచేసిచ్చిన నెల్లూరు దుకాణం

నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో తుపాకులు బాగుచేసే దుకాణం ఉంది. పేరు రాయొద్దని యజమాని కోరారు. ఆయుధాలుండే చోటు కాబట్టి ఆ మాటను గౌరవించి రాయడం లేదు. లైసెన్సు ఉన్నవాళ్ళను అడిగితే దారి చెప్తారు. మా ఇంట్లో మూడు తరాలుగా ఉన్న పాత రివాల్వర్‌ను అక్కడ బాగుచేయించుకున్నాను. ఇంత మంచి పనితనం ఈమధ్య ఏ రంగంలోనూ చూడలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను. తాతల నాటి తుపాకీని బీరువాలో పెట్టుకుని దాన్నేం చేయాలో తెలియక టెన్షన్ పడుతున్న కుటుంబాలు మన రెండు జిల్లాల్లో చాలానే ఉన్నాయి. వాళ్ళకు ఇది పనికొస్తుంది.

మాది కందుకూరు పక్కన పల్లె. తాతయ్య పొగాకు రైతు, రెండు బ్యారన్లు (పొగాకు ఆరబెట్టే కొట్లు) ఉండేవి. పొగాకు డబ్బు చేతికొచ్చే రోజుల్లో చీకటిపడ్డాక బండి మీద ఊరికి రావాల్సి వచ్చేదని, అందుకే లైసెన్సు తీసుకున్నారని నాన్న చెప్తారు. ఆ లైసెన్సు పుస్తకాలు అన్నీ దాచిపెట్టారు. వాటి మీద ముద్రలు చూస్తే మా ప్రాంతం కథంతా కనిపిస్తుంది. మొదటివి నెల్లూరు జిల్లావి. 1970లో కందుకూరును కలిపి ఒంగోలు జిల్లా చేశారు, ఆ తర్వాతి ముద్ర ఒంగోలుది. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టాక ప్రకాశం జిల్లావి. 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరు జిల్లాలో కలిసింది. ఇల్లు ఉన్నచోటే ఉంది, తుపాకీ అదే పెట్టెలో ఉంది, ఫైలు మాత్రం ఆఫీసులు మారుతూ వచ్చింది.

నాన్నకు డెబ్బై దాటాయి. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండితే బతికుండగానే వారసులకు ఇవ్వొచ్చు, అంటే వారసులు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తమ్ముడు అమెరికాలో ఉంటాడు. నేను ఇక్కడే హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. "నీకైతే వస్తువంటే శ్రద్ధ ఉంటుందమ్మా" అని నాన్న నన్నే అడిగారు. తమ్ముడి నో అబ్జెక్షన్, పోలీసు విచారణ, కలెక్టరేటులో ఫైలు, అవన్నీ అయ్యేసరికి చాలాకాలం పట్టింది. అది ఇక్కడ రాయను, వేరే పురాణం. లైసెన్సు నా పేరు మీదికి వచ్చాకే తుపాకీని దుకాణానికి తీసుకెళ్ళాను.

మా ఇంట్లో దాన్ని అందరూ "వెబ్లీ" అనేవాళ్ళు. పొగాకు కంపెనీలో పనిచేసిన ఒక తెల్లదొర దగ్గర కొన్నదనీ, ఇంగ్లండు సరుకనీ, చాలా ఖరీదనీ చెప్పుకునేవాళ్ళు. లైసెన్సులో మాత్రం ".32 బోర్ రివాల్వర్, విదేశీ" అని, ఒక నంబరు, అంతే. తోలు ఒరలో పెట్టి, ఒరను చెక్కపెట్టెలో పెట్టి ఎన్నో ఏళ్ళు దాచారు. బయటికి తీస్తే ఒక పక్కంతా తెల్లటి నికెల్ పూత పొక్కులు పొక్కులుగా లేచి, కింద ఎర్ర తుప్పు. ట్రిగ్గర్ నొక్కితే తూటాను పేల్చే దెబ్బ వేయాల్సిన హ్యామర్ సగం దాకా వెళ్ళి నీరసంగా వాలిపోయేది. పిడి మీద గుండ్రటి బిళ్ళలో ఏదో జంతువు మొహం. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ దాన్ని పిల్లి అనుకునేవాళ్ళం.

దుకాణం చిన్నది. గోడకు రిపేరు లైసెన్సు ఫ్రేము కట్టించి ఉంది. మన దేశంలో తుపాకీని బాగుచేయాలన్నా లైసెన్సు ఉండాల్సిందే, 1959 ఆయుధాల చట్టంలో అమ్మకం, తయారీతో పాటు మరమ్మతు కూడా ఉంది. ఊళ్ళో మోటారు వైండింగు చేసే మెకానిక్‌కో, లేత్ పనివాడికో ఇచ్చి చేయించుకుంటే ఇద్దరికీ కేసే. మేస్త్రి గారికి అరవై పైన ఉంటాయి. వాళ్ళ నాన్నగారు కూడా ఇదే పని చేశారట. నేను డబ్బా బల్ల మీద పెట్టగానే "ముందు లైసెన్సమ్మా" అన్నారు. ఒరిజినల్ చూసి, దాని మీది గుర్తింపు నంబరు రిజిస్టర్లో రాసుకుని, నా చేత సంతకం పెట్టించాకే మూత తీశారు. తీయగానే రివాల్వర్‌ను మధ్యకు విరిచి సిలిండర్ తెరిచి, అయిదు గదులూ ఖాళీగా ఉన్నాయని చూసుకుని, నా వైపు తిప్పి "మీరూ చూడండి" అన్నారు. ఆ ఒక్క మాటతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

తర్వాత ఆయన చేసిన పరీక్ష చెప్పాలి. నేను క్లాసులో పిల్లలకు పరిశీలన అంటే ఏమిటో చెప్పడానికి ఎంత కష్టపడతానో, ఆయన బల్ల దగ్గర అది కళ్ళముందే జరిగింది. పాత టూత్‌బ్రష్‌తో పిడి మీది బిళ్ళను పొడిగా రుద్దారు. మురికి పోయేకొద్దీ రెండు గుండ్రటి కళ్ళు, ముక్కు తేలాయి. గుడ్లగూబ. "ఇది వెబ్లీ కాదమ్మా, అమెరికాది, ఐవర్ జాన్సన్" అన్నారు. నమ్మించడానికి అక్కడితో ఆగలేదు. గొట్టం పైన ఉన్న సన్నటి పట్టీ మీద సుద్దపొడి రాసి, గుడ్డతో తుడిచారు. అరిగిపోయిన అక్షరాల గాళ్ళలో తెల్లగా పొడి నిలిచింది. భూతద్దంలో నేనే చదివాను. ఐవర్ జాన్సన్ ఆర్మ్స్ అండ్ సైకిల్ వర్క్స్, ఫిచ్‌బర్గ్, మసాచుసెట్స్. పక్కన పేటెంటు తేదీలు.

ఇంగ్లండు సరుకైతే ఎలా ఉంటుందో కూడా చూపించారు. బాగుచేయడానికి వచ్చిన ఒక పాత బర్మింగ్‌హామ్ డబుల్ బ్యారెల్ తుపాకీ పక్కనే ఉంది. దాని గొట్టాల కింద కిరీటం, కిరీటం కింద రెండేసి అక్షరాలు కొట్టి ఉన్నాయి. అక్కడ ప్రతి గొట్టాన్నీ ఎక్కువ మందు దట్టించి పరీక్షించి, తట్టుకున్నదానికే ఆ ముద్ర వేస్తారు. బెల్జియంలో లియేజ్ నగరానిదైతే కోడిగుడ్డు ఆకారంలో గీత, లోపల ఈ, ఎల్, జీ అక్షరాలు. అమెరికాలో అలాంటి ప్రభుత్వ పరీక్ష లేదు, అందుకే మా దాని మీద అలాంటి పరీక్ష ముద్ర ఏదీ లేదు. చౌక రివాల్వర్లు ఆ రోజుల్లో బెల్జియం నుంచి, స్పెయిన్‌లోని ఐబార్ నుంచి కూడా బోలెడన్ని తయారయ్యాయి, అన్నీ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. పేరును బట్టి కాదు, ముద్రలను బట్టి చెప్పాలి అంటారాయన.

ఖరీదైన వెబ్లీ కాదని తెలిసి నాన్న కొంచెం చిన్నబుచ్చుకున్నారు. నాకు మాత్రం దీని కథే ఎక్కువ నచ్చింది. ఐవర్ జాన్సన్ నార్వే నుంచి అమెరికా వలస వెళ్ళిన పనివాడు. 1871లో ఇంకొకరితో కలిసి వూస్టర్ ఊళ్ళో కంపెనీ మొదలుపెట్టారు, 1891లో ఫిచ్‌బర్గ్‌కు మారారు. సైకిళ్ళు, తర్వాత మోటారు సైకిళ్ళు కూడా చేశారు. రివాల్వర్లేమో సామాన్యుడు కొనగలిగే ధరలో. 1901లో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీని బఫలోలో కాల్చింది ఈ కంపెనీ .32 రివాల్వర్‌తోనే, హంతకుడు దాన్ని నాలుగున్నర డాలర్లకు కొన్నాడు. ఆ రోజుల్లో మంచి పేరున్న కంపెనీల రివాల్వర్ల ధర దానికంటే బాగా ఎక్కువ ఉండేది. ధర తక్కువైనా ఇందులో తెలివి తక్కువ కాదు. పిడి పక్కలు తీసి మేస్త్రి గారు చూపించారు. హ్యామర్ నేరుగా తూటాను పేల్చే పిన్నును కొట్టదు. ట్రిగ్గర్‌ను పూర్తిగా లాగితేనే ఒక చిన్న ఉక్కు పలక పైకి లేచి ఆ రెండింటి మధ్యకు వస్తుంది, దెబ్బ దాని ద్వారా పిన్నుకు అందుతుంది. వేలు ట్రిగ్గర్ మీద లేకపోతే పలక కిందనే ఉంటుంది, తుపాకీ కింద పడినా పేలదు. సుత్తితో హ్యామర్‌ను కొట్టినా ఏమీ కాదని కంపెనీ ప్రకటనలు వేసుకుంది. 1890ల నాటి ఆలోచన అది, ఇప్పటికీ కొత్త రివాల్వర్లలో అదే సూత్రం.

ఇక ఏ కాలానిదో తేల్చడం. ఈ రకం మూడు దశల్లో వచ్చింది. మొదటిదానికి గొట్టాన్ని పట్టి ఉంచే పై గొళ్ళెం ఒకే స్తంభానికి పడుతుంది, 1896 నుంచి వచ్చినదానికి రెండు స్తంభాలు. మాదానికి రెండు ఉన్నాయి. 1909 నుంచి లోపల చుట్ట స్ప్రింగులు పెట్టారు. మాదాని పిడిలో ఉన్నది బద్ద స్ప్రింగు, అదీ విరిగిపోయి. సిలిండర్ చుట్టూ ఉన్న గాళ్ళను కూడా వేలితో తడిమి చూడమన్నారు. ఒక పక్క నిటారుగా ఉంది, రెండో పక్క ఏటవాలుగా జారిపోతోంది. 1909 తర్వాతివాటికి రెండు పక్కలా నిటారుగా ఉంటుందట. అంటే మాది 1896కీ 1908కీ మధ్యది. ఎడమ పక్క పిడి కింద చట్రం మీద నంబరు కొట్టి ఉంది, లైసెన్సులో ఉన్నదానితో అంకె అంకె సరిపోయింది. అప్పటిదాకా బిగబట్టి ఉన్నాను, అక్కడ ఊపిరి పీల్చుకున్నాను. నంబరు తేడా వస్తే ఎంత తలనొప్పో లైసెన్సు ఉన్నవాళ్ళకు తెలుసు.

ఈ లెక్కంతా వయసు తెలుసుకుని సంతోషపడడానికి కాదు. 1909కి ముందువి నల్ల తుపాకిమందు కాలానివి. నల్ల మందు కాలినప్పుడు పుట్టే ఒత్తిడి తక్కువ. ఇప్పటి పొగరాని మందు ఒత్తిడి దానికంటే బాగా పైకి పోగలదు. ఆ పాత ఉక్కు, ఆ గొళ్ళెం దానికి తగ్గట్టు చేసినవి కావు. పైగా .32 అన్నంత మాత్రాన ఏ .32 తూటా అయినా సరిపోదు. ఇది 1878లో వచ్చిన పొట్టి .32ది, దాని ఇత్తడి గొట్టం పొడవు సుమారు 15 మిల్లీమీటర్లు. మన కాన్పూరు ఫ్యాక్టరీ .32 రివాల్వర్లకు వాడే తూటా పొడుగుది, 23 మిల్లీమీటర్లు. మాదాని సిలిండరే దానికి చాలదు. "సిలిండర్ గదుల్ని లోతు చేసి పొడుగు తూటా పట్టేలా చేయమని అడుగుతారమ్మా కొందరు. నేను చేయను. చేసినవాడి దగ్గరికి వెళ్ళకండి" అన్నారు. నా బిల్లు మీద కూడా పెద్దక్షరాలతో "కాల్చుటకు పనికిరాదు, భద్రపరచుటకు మాత్రమే" అని రాసి సంతకం పెట్టారు. డబ్బులు తీసుకునే మనిషి, ఇంకా పెద్ద పని వచ్చే అవకాశం ఉన్నా ఆ మాట రాసిచ్చాడంటే దుకాణం ఎలాంటిదో తెలుస్తుంది.

ఇంతకుముందు వేరే నగరంలో ఇంకో దుకాణంలో ఫోటోలు చూపించి అడిగాను. మొత్తం బఫింగ్ పట్టించి (తిరిగే చక్రంతో రుద్ది మెరుగుపెట్టి) కొత్త నికెల్ వేసి అద్దంలా చేసిస్తామన్నారు, ధర కూడా చెప్పారు. నాన్న ఆ మాటకే మొగ్గారు. నెల్లూరులో అదే అడిగితే మేస్త్రి గారు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని చూపించారు. తుప్పు మరకల మధ్య అది నల్లటి నీలం రంగులో ఉంది. తుపాకీ అంతా నికెలు, ఈ కమ్మీ మాత్రం నీలం. కంపెనీ నుంచి వచ్చిందే అలా. కొత్త పూత వేసేవాళ్ళు దాన్ని కూడా తెల్లగా చేసేస్తారు, తెలిసినవాళ్ళు మొదట చూసేది అదేనట. బఫింగ్ చక్రం పెడితే అంచులు గుండ్రంగా అరిగి, గొట్టం మీది అక్షరాలు ఎగిరిపోతాయి. ఆ అక్షరాలు లేకపోతే మేము దీన్ని గుర్తుపట్టేవాళ్ళమే కాదు. నాన్నకు కూడా అప్పుడు అర్థమైంది. ఉన్న పూతను ఉన్నట్టే ఉంచి, తుప్పు పెరగకుండా చేయడం ఒక్కటే పని అని ఒప్పుకున్నాం.

బద్ద స్ప్రింగు చేయడం చూడడానికి ప్రత్యేకంగా అడిగి వెళ్ళాను. దీనికి విడిభాగాలు ఇక్కడ దొరకవు. విరిగిన రెండు ముక్కల్నీ కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీసుకున్నారు. స్ప్రింగు ఉక్కు పట్టీని ఆకురాయితో ఆ ఆకారానికి తెచ్చారు, అంచుల్ని పొడవునా రుద్దారు గానీ అడ్డంగా ఒక్క గీత పడనివ్వలేదు. అడ్డగీత పడితే వంగినప్పుడు అక్కడే పగులు మొదలవుతుంది. మా ఇంటి స్ప్రింగు విరిగిన చోటును భూతద్దంలో చూస్తే సరిగ్గా ఒక పాత ఆకురాయి గీత మీదే. తర్వాత పట్టుకారుతో పట్టుకుని మంట మీద చెర్రీ పండు రంగు వచ్చేదాకా కాల్చి నూనెలో ముంచారు. అప్పుడది గాజులా పెళుసు, వంచితే విరుగుతుంది. ఒక పక్క రుద్ది మెరిసేలా చేసి, ఇసుక పోసిన రేకు మీద మళ్ళీ నెమ్మదిగా వేడిచేశారు. మెరుపు మీద ముందు లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, ఆ తర్వాత నీలం. ఫ్యాను ఆపించి, తలుపు దగ్గరగా వేయించి, ఆ రంగు మీదనుంచి చూపు తిప్పలేదు. నీలం పట్టీ అంతా సమంగా పరుచుకున్న క్షణంలో తీసేశారు. ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి రంగు మారుతుందని, ఆ నీలం అంటే దాదాపు 300 డిగ్రీలని నేను పుస్తకంలో చదివి పిల్లలకు చెప్తుంటాను. థర్మామీటరు లేకుండా కంటితో అక్కడ ఆపడం చూసింది మాత్రం మొదటిసారి. ఆయన్ని మా బడికి పిలిచి పిల్లలకు చూపించాలని ఉంది, తుపాకీ లేకుండా, ఉత్త ఉక్కు పట్టీతో.

తుప్పు పనికి తొందరపడలేదు. పల్చటి నూనె పట్టించి నానబెట్టడం, మెత్తని నూలుగుడ్డతో తుడవడం, వెదురు పుల్ల చెక్కి మూలల్లో గీకడం. ఇనుప పీచు ముట్టుకోలేదు. రాగి మరకలు తీసే అమోనియా మందులు కూడా నికెలు మీద వాడకూడదట, పూత కింద రాగి పొర ఉంటే అమోనియా దాన్ని తినేసి పూతను లేపేస్తుంది. పిడి పక్కలు చెక్క కాదు, గట్టి రబ్బరు. ఎండ తగిలి నలుపు కాస్తా గోధుమ రంగుకు తిరిగింది. దానికి కిరసనాయిలు తగలనివ్వకుండా విడిగా తీసిపెట్టి పొడిబ్రష్‌తోనే శుభ్రం చేశారు. స్క్రూల గాళ్ళు ఎవరో ఎప్పుడో సరిపోని స్క్రూడ్రైవర్‌తో చెడగొట్టారు. వాటిని మార్చకుండా, చిన్న సుత్తితో లేచిన లోహాన్ని లోపలికి కొట్టి సరిచేశారు. తోలు ఒరను మాత్రం తిరిగి అందులో పెట్టడానికి ఒప్పుకోలేదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును పదును చేయడానికి వాడిన ఆమ్లాలు లోహాన్ని తింటాయి. మనది సముద్రపు గాలి ఉన్న ప్రాంతం. ఒరను విడిగా దాచుకోమని, రివాల్వర్‌ను నూనె తుడిచిన నూలుగుడ్డలో చుట్టి పెట్టుకోమని చెప్పారు.

తిరిగి చేతికొచ్చినప్పుడు అది కొత్తదానిలా లేదు, ఉండకూడదు కూడా. పొక్కులు లేచిన చోట నికెలు లేదు, అక్కడ ముదురు బూడిద రంగు ఉక్కు. మిగతా పూత మెత్తగా మెరుస్తోంది. గుడ్లగూబ కళ్ళు తేటగా ఉన్నాయి. మధ్యకు విరిస్తే లోపలి నక్షత్రంలాంటి పలక నిండుగా పైకి లేచి మళ్ళీ టక్కున కూర్చుంటోంది, ఖాళీ తూటాల్ని ఒకేసారి బయటికి నెట్టే ఏర్పాటు అది. హ్యామర్ ఆఖరిదాకా వెళ్ళి గట్టిగా దిగుతోంది. ఊరికే ట్రిగ్గర్ లాగి ఆడించొద్దని, పాత పిన్నులు విరుగుతాయని హెచ్చరించారు. నాన్న దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నాన్న దీన్ని పట్టుకున్నప్పుడు ఇలాగే ఉండేది" అన్నారు.

మొత్తం 5,500 తీసుకున్నారు. స్ప్రింగు ఒక్కదానికే 3,000, మిగతాది శుభ్రం చేసినందుకు, స్క్రూలకు. చేసిన పనికి ఇది తక్కువే అనిపించింది.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఫోన్ చేస్తే ఎత్తరు. వచ్చే వారం అన్నది చాలాసార్లు వాయిదా పడింది, కందుకూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళకు అది కష్టం. ముందే ఒక మెసేజి పెడితే సరిపోయేది. యూపీఐ లేదు, నగదే. బిల్లు మొదట ఒకే అంకె వేసి ఇచ్చారు, విడివిడిగా రాయమని అడిగితే విసుక్కోకుండా రాశారు. పని జరుగుతుండగా ఫోటోలు తీయనివ్వరు, అక్కడ వేరేవాళ్ళ ఆయుధాలుంటాయి కాబట్టి అది సరైనదే. కూర్చోవడానికి స్టూలు ఒక్కటే ఉంది, పెద్దవాళ్ళను తీసుకెళ్తే ఆలోచించుకోవాలి.

వెళ్ళేవాళ్ళు లైసెన్సు ఒరిజినల్ తప్పకుండా తీసుకెళ్ళండి, జిరాక్సు చూపిస్తే డబ్బా మూత కూడా తీయరు. ఖాళీగా ఉందని ఇంట్లోనే చూసుకుని, తాళం వేసిన డబ్బాలో పెట్టుకుని వెళ్ళండి. పాత తూటాలు ఉంటే వాటి సంగతి ముందే చెప్పండి, ఎలా అప్పగించాలో చెప్తారు. ఎన్నికల ప్రకటన వచ్చిన రోజుల్లో ఆయుధాలు స్టేషన్లో డిపాజిట్ చేయాల్సి వస్తుంది కాబట్టి అప్పుడు పని పెట్టుకోకండి. లైసెన్సుదారు చనిపోయి తుపాకీ ఇంట్లోనే ఉండిపోయి ఉంటే మాత్రం ముందు రిపేరు ఆలోచన మానేసి స్టేషన్లోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి, వారసుల కాగితాలు తర్వాత నడుస్తాయి. దుకాణం శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది, మిగతా రోజుల్లో పదకొండుకు తెరుస్తారు.